నలభై ఒకటో క్యాసెట్

దయ్యాల మాట ఎత్తితే లేచి టీకి పోయే మనిషిని నేను. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అనుకోను. ఇది నేను చేసిన ఒక తప్పు సంగతి. అందులో ఒక పావుగంట మాత్రం నా బుద్ధికి అందదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఖమ్మంలో ఒక యూనివర్సిటీ ఆర్కైవ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. ఒక గదిలో యూనివర్సిటీ పుట్టినప్పటి కాగితాలు, ఫోటోలు ఉండేవి. ఇంకో గదిలో ఈ ప్రాంతపు చరిత్ర. ఊళ్లు తిరిగి పెద్దవాళ్ల మాటలు, పాటలు టేప్ చేసుకురావడం నా పని. మా ఇన్‌చార్జి నఫీసా మేడం. చిన్న చీటీని కూడా పారెయ్యనిచ్చేవారు కాదు.

దమ్మపేట దాటాక అడవి అంచున ఒక కోయ ఊళ్లో, ముత్తమ్మ అనే ముసలావిడ విత్తనాల పండుగ పాట పాడింది. సగంలో ఆపేసింది.

"గింతవరకే సారూ. మిగిలింది బయటోళ్లకు పాడం. నా బిడ్డకు చెప్పాలె," అంది.

ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నాను. క్యాసెట్ డబ్బా మీద 41 అని వేసి, పక్కన ఆమె పేరు రాసి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తడిమింది.

ఆరు నెలల తర్వాత యూనివర్సిటీ పెద్దసారు ఒకాయన ఆర్కైవ్ చూడటానికి వచ్చారు. ఆయన ఉపన్యాసం రికార్డు చేయమని మేడం చెప్పారు. కొత్త క్యాసెట్లు తేవడం నేనే మరిచిపోయాను. ఆ మాట మేడంతో చెప్పడానికి మొహం చెల్లక షెల్ఫులోంచి పాతది ఒకటి తీశాను. రిటైరైన టీచర్లవి, నాయకులవి ముట్టలేదు. వాళ్లు ఎప్పుడైనా వచ్చి అడుగుతారు. అడవిలో ముసలావిడ పాట ఎవరడుగుతారులే అనుకున్నాను.

రెండు వైపులా ఉపన్యాసం ఎక్కింది. తర్వాత వేసి విన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఆయనే. ఉపన్యాసం టైపు చేసి పంపేశాక ఆ క్యాసెట్‌ను ఎవరూ అడగలేదు. ముత్తమ్మ పేరున్న డబ్బాలోనే దాన్ని తిరిగి పెట్టేశాను. రిజిస్టర్‌లో పాట ఉన్నట్టే ఉంది. దానికి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, ఒకామె వచ్చింది. ముత్తమ్మ కూతురు భద్రమ్మ. సారపాకలో ఉంటుందట, కాగితం మిల్లులో లారీల నుంచి వెదురు దించే కూలి పని. రెండు బస్సులు మారి వచ్చింది.

"మా అమ్మ పోయి నెలాయె సారూ. నేను పోయేసరికే మాట పడిపోయింది. పండుగ దగ్గరికొచ్చింది. పాట నాకు సగమే వస్తది. మీ తాన డబ్బాల ఉన్నదని అమ్మ అందరికీ చెప్పేది."

క్యాసెట్ దొరకట్లేదని అనబోయేలోపే మేడం రిజిస్టర్ చూసి, నలభై ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పెట్టు బాబూ, పాపం అంత దూరంకెల్లి వచ్చింది."

ఉపన్యాసం మొదలవగానే ఆపేసి, మెషిన్ ఖరాబైందని చెప్పాలనుకున్నాను. ఒక వేలు స్టాప్ మీదే ఉంచి ప్లే నొక్కాను.

కోడి కూసింది. తర్వాత నా గొంతు, "పాడమ్మా" అంటూ. ఆ తర్వాత ముత్తమ్మ.

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం నిలబడే విన్నారు. పాట సగానికి వచ్చింది. ముత్తమ్మ ఆ రోజు ఆపింది ఇక్కడేనని నాకు తెలుసు. ఈసారి ఆపలేదు. నేనెన్నడూ వినని చరణాలు పాడుతూ పోయింది. భద్రమ్మ మెల్లగా గొంతు కలిపింది. తప్పిన చోట ఆగింది, మళ్లీ అందుకుంది. చివర్లో ముత్తమ్మ కోయలో ఏదో అడిగింది. కూతురు కోయలోనే బదులిచ్చింది.

"ఏమన్నదమ్మా?" అని మేడం అడిగారు.

"నేర్చినవా బిడ్డా అన్నది. నేర్చిన అన్న."

ఆమె ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది. మేడం తోడు వెళ్లారు. నేను టేపు వెనక్కి తిప్పి వేశాను. పెద్దసారు, చప్పట్లు. రెండో వైపు కూడా ఆయనే.

పోతూ పోతూ, పిల్లల కోసం ఒక కాపీ కావాలంది భద్రమ్మ. వచ్చే నెల ఇస్తానన్నాను. "నువ్వు ఊళ్లు తిరిగినందుకు గీ పాట బతికింది," అని మేడం నాతో అన్నారు. తల వంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను.

నెల తర్వాత ఆమె గేటులోకి రావడం కిటికీలోంచి చూశాను. వెనక గదిలోకి పోయి ర్యాకుల మధ్య నిలబడ్డాను.

"ఇప్పుడే ఈడ ఉండె. ఏడికి పోయిండో," అంటున్నారు మేడం.

"కాపీకి తొందర లేదు మేడమ్. పండుగకు పాటంతా పాడిన. సారుకు చెప్దామని వచ్చిన. గీ తేనె సారుకియ్యండి."

ఆమె చెప్పుల చప్పుడు వరండా దాటేదాకా నేను కదల్లేదు. ఆమె మళ్లీ రాలేదు.

మేడం రిటైరైన రోజు, అందరూ వెళ్లిపోయాక, జరిగిందంతా చెప్పాను. నమ్మరేమోనని ఆ క్యాసెట్ వేసి వినిపించాను. ఉపన్యాసం కొంతసేపు విని ఆవిడే ఆపేశారు.

"ఆ దినం నా చెవులతోని విన్న. అదెట్లనో అల్లాకే ఎరుక," అన్నారు. క్యాసెట్ డబ్బా నా చేతిలో పెట్టి, "సారపాక పోయి ఆమెకు చెప్పినవా?" అని అడిగారు.

లేదన్నాను. ఆవిడ సంచీ తీసుకుని వెళ్లిపోయారు.

ఆ పాట ఎట్లా వచ్చిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఖమ్మం నుంచి సారపాకకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా దిగొచ్చు. నేను ఇంకా ఎక్కలేదు.