మెట్ల మీద వేసిన మిర్చి తోట

గుంటూరులో ఒక మేడ మెట్ల మీద నా పరువు ఎలా జారిపడిందో చెబుతాను. నవ్వండి. ఆపినా మీరు ఆగరు.

అప్పట్లో నేను వినుకొండలో పగలు లెక్చరర్‌ని, సాయంత్రాలు హేతువాదిని. లాడ్జి గదుల్లో 'రహస్య వ్యాధులకు' లేహ్యాలమ్మేవాళ్లను మైకు పట్టుకుని చీల్చి చెండాడేవాణ్ణి. "వ్యాధికి రహస్యమేమిటి? జలుబు రహస్యమా? సిగ్గు మూఢనమ్మకానికి పెద్దక్క!" అని గర్జిస్తే చప్పట్లే చప్పట్లు.

తర్వాత పెళ్లయింది. గర్జన మైకు దగ్గరే ఉండిపోయింది. మంచం దగ్గరికొచ్చేసరికి సింహం కాస్తా తడిసిన పత్తి. శకునాలను తిట్టిపోసే బల్లి కూడా కుడితిలోనే పడుతుందని తెలిసొచ్చింది.

నెలలు గడిచాయి. నేను అసలు విషయం తప్ప అన్నీ మాట్లాడాను. చివరికి మా ఆవిడ రాధిక అంది: "నా బాధ అది జరగనందుకు కాదండీ. మీరు గోడవైపు తిరిగి పడుకుంటారే, అందుకు. డాక్టరు దగ్గరికన్నా పదండి, లేదా నన్ను పొన్నూరు మా పుట్టింటికి పంపించెయ్యండి."

గుంటూరు వెళ్లాం. కింద పురుగుమందుల కొట్టు, మేడమీద దాంపత్య సమస్యలు చూసే డాక్టరమ్మ. మొదటి మెట్టు మీద కాలు పెట్టామో లేదో, వెనకనుంచి మైకు అక్కర్లేని గొంతు:

"ఏం అల్లుడూ! ఇట్టొచ్చారేంటి?"

రాధిక పెదనాన్న! మిర్చి రైతు. మందు కొనడానికొచ్చాడు. బోర్డు కనబడకుండా అడ్డం నిలబడి, నోటికొచ్చింది కూశాను.

"మిర్చి కౌలుకేశాను మావయ్యగారూ. తెగులు... మందు కోసం..."

నాకున్న వ్యవసాయమల్లా బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ.

"ఏం తెగులు? ముడతా? ఎండు తెగులా?"

"మామూలప్పుడు నిటారుగానే ఉంటుందండీ. అవసరానికి వాలిపోతుంది."

"మొక్కకి అవసరమేంటయ్యా! పూత?"

"లేదండీ."

"వేరు చూశావా?"

పక్కన రాధిక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కొట్లోకి వెళ్లగానే మేం పైకి పరిగెత్తాం.

"చెప్పండి, ఏమిటి సమస్య?" అంది డాక్టరమ్మ.

"పూత..." అన్నాను.

రాధిక నవ్వాపుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసి అంది: "ఎక్కువగా భయమే అనిపిస్తోంది. మీరు మంచాన్ని పరీక్ష హాలు చేసుకున్నారు. కొన్నాళ్లు ఆ ప్రయత్నమే మానేసి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని కబుర్లు చెప్పుకోండి. సిగ్గెందుకండీ, జలుబు రహస్యమా?"

నా డైలాగే! చప్పట్లు మాత్రం రాధికవి.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో పెదనాన్న. వీపున స్ప్రేయరు, చేతిలో మందు డబ్బా, వెనక మా మామగారు.

"మాకు మాటమాత్రం చెప్పకుండా కౌలేంటయ్యా?" అని మామగారు.

"అరుపులెందుకురా! ముందు తోట ఎక్కడో చెప్పు అల్లుడూ, కొట్టేసొద్దాం" అని పెదనాన్న.

ఏ చర్చావేదిక మీదా ఓడని నేను కరివేపాకు కుండీవైపు చూశాను. అదీ ఆదుకోలేదు. రాధికే కాఫీ గ్లాసులు కింద పెట్టి అంది:

"ఆ తోట ఈయనొక్కడిది కాదు పెదనాన్నా, మా ఇద్దరిదీ. మందు అక్కర్లేదు. కొట్టుపైన మేడమీద డాక్టరమ్మ ఉందిగా, ఆవిడ చూస్తోంది."

పెదనాన్న ఒక క్షణం ఆలోచించాడు. మీసాలు కదిలాయి. స్ప్రేయరు మెల్లగా దించాడు. మామగారికి హఠాత్తుగా సీలింగు ఫ్యానులో ఏదో ముఖ్యమైన విషయం కనబడింది.

వెళ్లేటప్పుడు పెదనాన్న నన్ను పక్కకి లాగాడు. జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించాడు.

"అల్లుడూ, ఆవిడ... పాత తోటలు కూడా చూస్తుందా? నాక్కాదులే. మా ఊళ్లో ఒకాయన అడగమన్నాడు."

ఇప్పుడు మా ఇంట్లో గోడ ఒంటరిదైపోయింది, పాపం. పెదనాన్న ఫోన్ చేసి "తోటెట్టా ఉందమ్మా?" అంటే, "పచ్చగా ఉంది పెదనాన్నా. మీ ఊళ్లో ఒకాయనది?" అంటుంది రాధిక. ఫోన్ ఠక్కున కట్టయిపోతుంది.

కనుక ఆ కరివేపాకు కుండీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా తెగులును ఏ పంట మీదకీ నెట్టను. మరీ ముఖ్యంగా, స్ప్రేయరున్న బంధువు ముందు.