వినపడని పగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాలు పట్టుకోవడం నా పని. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. మార్కాపురం పక్కన మా తాతయ్యకు సొంత పలకల గని ఉండేది. అది చేజారాక మా నాయన వేరొకరి పలకల కార్ఖానాలో గుమాస్తాగా చేరాడు. ఆస్తి పోయినా పరువు పోకూడదని, పెద్దకూతురిగా ఇంట్లో అందరి మీదా కన్నేసి ఉంచేదాన్ని.

నా అనుమానమంతా మా చెల్లెలి మీదే. పంతులుగారు ఒక్కసారి చెప్పిన పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పేది. అదే పాఠం పుస్తకంలో చూపిస్తే రెండో మాట దగ్గరే ఆగిపోయేది. నిన్న చదివిన మాటను ఇవాళ ఎరగనట్టు చూసేది. ఇంత తెలివైన పిల్లకు అక్షరాలు రాకపోవడమేమిటి? బడి ఎగ్గొట్టడానికే నటిస్తోందని తేల్చుకుని నాయనకు చెప్పాను. ఆయన నమ్మాడు. సోమవారం నుంచి దాన్ని బడి మాన్పించి ఇంటిపనిలో పెడతానన్నాడు.

ఆ శనివారం మేమిద్దరం నాయనకు అన్నం క్యారియరు తీసుకుని కార్ఖానాకు వెళ్లాం. ఆయన బయటికెళ్లాడంటే అక్కడే కూర్చున్నాం. గోడ మీది బోర్డు చదవమని చెల్లెల్ని నిలదీశాను. అది తడబడి, "నిజంగా తెలియడంల్యాక్కా" అంది. "దొంగ వేషాలు" అని గిల్లాను. పలకలు ఏరే ఖాలా అది చూసింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; మా వీధి పిల్లలందరికీ ఆమె ఖాలాయే. కంటికి కనపడని పగుళ్లున్న పలకల్ని వేలి కణుపుతో కొట్టి, మోతను బట్టి పక్కన పెట్టడం ఆమె పని.

"ఇట్ల రాండమ్మీ" అని పిలిచి పది పలకలు మా ముందు పెట్టి, పగుళ్లున్నవి ఏరమంది. గని యజమాని మనవరాలితో కూలిపని చేయించి నవ్వుకోవాలని చూస్తోందేమో అనిపించింది. అయినా వెనక్కి తగ్గడం నామోషీ.

చెల్లెలు ఒక్కొక్కటే కొట్టి విని, మూడింటిని పక్కకు తీసింది. ఖాలా తలాడించి, వాటిని మళ్లీ కలిపేసి నా వైపు తోసింది. నాకు అన్నీ ఒక్కలాగే మోగాయి. ఏవో మూడు తీశాను. మూడూ మంచివే.

"ఏందమ్మీ, చెవులు ల్యావా నీకు?"

ఇంకోసారి కొట్టాను. మళ్లీ తప్పు.

"పనిదొంగ! కావాలనే తప్పు తీస్తాండావు. గొప్పింటి పిల్లనని పొగరు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒట్టు ఖాలా! నిజంగా నాకు తెలియడంల్యా."

ఆమె గొంతు తగ్గించింది. "మీ చెల్లెలు గూడా అదే కదమ్మీ చెప్తాండేది? నీ మాట నేను నమ్మాల, దాని మాట నువ్వు నమ్మగూడదా?"

ఆ సాయంత్రం నాయన దగ్గరికెళ్లి, నేను చెప్పింది తప్పని, చెల్లెలు నటించడం లేదని అన్నాను. "ఎవురు నేర్పి పంపినారు నిన్ను?" అని ఆయన నన్నే అనుమానించాడు. నేను పట్టు వదల్లేదు. సోమవారం చెల్లెలు బడికి వచ్చింది. ఆనాటి నుంచి పాఠాలు నేనే చదివి వినిపించేదాన్ని. కానీ పరీక్ష రాయాల్సిందే కదా. నోటితో చెప్పించుకుని మార్కులు వేసేవాళ్లు అప్పుడు లేరు. ఏడో తరగతితో దాని చదువు ఆగిపోయింది. నేను క్షమాపణ చెప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పే అలవాటు లేదు.

ఈ మధ్య మా మనవరాలికీ ఇదే ఇబ్బంది వచ్చింది. ఇది అభ్యసన వైకల్యమని, తెలివితక్కువతనం కాదని బడి టీచరమ్మ చెప్పింది. ఇలాంటి పిల్లలకు వేరుగా నేర్పే టీచర్లున్నారని, ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుంటే పదో తరగతి పరీక్షల్లో ఎక్కువ సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ ఇస్తారని అంది. మా వంశానికి ముద్ర వేయాలని చూస్తోందా అని శంకించాను. రెండు రోజులు ఆమెకు జవాబివ్వలేదు. మూడో రోజు పిల్లను నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

ఇప్పుడు అది నా పక్కన కూర్చునే చదువుకుంటుంది. తడబడినప్పుడు, "నీకు ఎట్ల కనపడతాందో చెప్పు" అని అడిగి, అది చెప్పేదాకా ఆగుతాను. మా చెల్లెల్ని ఆ మాట నేను ఒక్కసారి కూడా అడగలేదు.