ఒంటి గుండు తుపాకీతో కౌబాయ్ పోటీకి

శుక్రవారం పొద్దున ఆరూ పదికి అల్ అజీజియాలో బండి తీశాను. వెనక సీట్లో మా బాబా, అంటే మా అరబ్బు యజమాని. పన్నెండేళ్లుగా నేను ఆయన ఇంటి డ్రైవర్‌ని. మా ఊరు రాయచోటి దగ్గర. ఆయన పక్కన తోలు సంచీలో వాళ్ల తాత తుపాకీ, దాని అనుమతి కాగితం. కింద మీట లాగి ఒక్క గుండు పెట్టాలి, పేల్చాక మళ్లీ ఇంకొకటి. చూపు ఇంక ఎక్కువ కాలం ఉండదని డాక్టరు చెప్పినప్పటి నుంచి, దాన్ని ఒక్కసారైనా పోటీలో పేల్చాలని బాబా కోరిక. ఉత్తరాన ఎడారిలో కౌబాయ్ పోటీ ఉందని, అక్కడ పాతకాలపు తుపాకులే వాడతారని ఎవరో చెప్పారు.

దారంతా పొగమంచు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల డ్యూటీకి పోయే బస్సులు మంచులోంచి తేలి వచ్చి, కిటికీలకు తలలానించి నిద్రపోతున్న మనుషులతో సహా మళ్లీ మంచులో కలిసిపోయాయి. ఏడుంపావుకు బంకు దగ్గర ఆగి రెండు కరక్ చాయ్ తీసుకున్నాను, నాలుగు రియాళ్లు.

"మా తాత దీన్ని పేల్చితే అవతలి గుడారాల్లో వినబడేదట," అన్నాడు బాబా, అరబ్బీ, ఉర్దూ కలిపి.

ఎనిమిదికి చేరాం. ఇసుక మధ్యలో చెక్కలతో కట్టిన ఉత్తుత్తి ఊరు. పెద్ద టోపీలు, పొడుగు బూట్లు వేసుకున్నవాళ్లు మంచులో నడుస్తుంటే ఎవరి కలలోకో వచ్చినట్టుంది. బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న ఫిలిప్పీన్ అమ్మాయి తుపాకీ చూసి, రూల్ పుస్తకం తిప్పింది.

"సారీ సర్. పోటీలో టైము లెక్కపెడతారు, రైఫిల్‌తో పది గుండ్లు ఆపకుండా వరసగా కాల్చాలి. ఒంటి గుండుది కుదరదు."

బాబా 'తయ్యిబ్', సరేలే, అన్నాడు. సంచీ బకిల్ ఆయన వేళ్లకు దొరకలేదు. నేను పెట్టాను.

"యల్లా, ఇంటికి పోదాం."

బండి దగ్గర నేను నాలో నేను గొణుక్కుంటుంటే, ఇనుప పలకలకు తెల్లరంగు వేస్తున్న మనిషి తలెత్తాడు. పేరు గంగారాం, జగిత్యాల వైపు.

"తెలుగోళ్లా అన్నా? ఏమైంది?"

చెప్పాను.

"పెద్ద ఆటల నడ్వదు, నిజమే. గని జుమ్మా నమాజ్ అయినంక దూరం గురి పోటీ వేరే ఉంటది. అండ్ల గిసొంటి ఒంటి గుండువే గావాలె. పోయి అడుగుండ్రి."

"ఆయమ్మ చెప్పలేదు కదప్పా."

"మీరు అడిగింది పెద్ద ఆట గురించి. ఆమె దానికే చెప్పింది."

మళ్లీ వెళ్లి అడిగాను. ఆ అమ్మాయి నవ్వి ఇంకో కాగితం తీసి, బాబా పేరు రాసుకుంది.

నమాజ్ అయ్యాక గంగారాం తన టిఫిన్ డబ్బాలోని పప్పన్నం నాకు సగం పెట్టాడు. బాబా ఏమీ తినలేదు.

రెండున్నరకు ఆయన వంతు. మంచు పోయి ఎండ కాసింది. రెండు వందల మీటర్ల అవతల తెల్ల పలక ఎండమావిలో ఒకసారి తేలుతోంది, ఒకసారి మునుగుతోంది. ఐదు గుండ్లు. పక్కన నిలబడి గుండు పడ్డ చోటు చెప్పడానికి నన్ను ఒప్పుకున్నారు.

"నాకు నీళ్లు కనబడుతున్నాయి," అన్నాడు బాబా.

"ఆ నీళ్ల మధ్యలోనే ఉంది బాబా."

మొదటిది ఎడమకు పోయింది. రెండోది ముందు ఇసుకలో పడింది. మూడోదానికి కొంచెం పైకి అన్నాను, పైనుంచి పోయింది. నాలుగోదీ తప్పింది. ఐదోది పెట్టి ఆయన చాలాసేపు ఊపిరి పట్టాడు. పేలింది. ఎక్కడ ధూళి లేస్తుందా అని నేను ఇసుకంతా వెతుకుతున్నాను.

"తగిలింది," అన్నాడు ఆయన మెల్లగా. అప్పుడు విన్నాను, చెవి మూతల్లోంచి సన్నటి ఇనుప మోత.

నాలుగూ నలభైకి తిరుగు ప్రయాణం. ఆయనకు బహుమతి ఏదీ రాలేదు. మీలో ఎవరైనా ఒంటి గుండు తుపాకీతో అక్కడికి వెళ్తే, పెద్ద పోటీకి కాదన్నారని తిరిగి రావద్దు; దూరం గురి గురించి అడగండి. రోడ్డు రెండువైపులా ఇసుక గులాబీ రంగుకు తిరిగింది. బాబా కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు. పెదవుల మీద నవ్వు వస్తూ పోతూ ఉంది.

మా వీధి మలుపు వచ్చింది. గేటు ముందు బండి నెమ్మది చేశాను. దిగమని చెప్పబుద్ధి కాలేదు. ఆపకుండా పోనిచ్చి, పేటంతా ఇంకో చుట్టు తిప్పాను.