బ్రేకు రబ్బర్లకు కొబ్బరినూనె

ఈ రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం గుమ్మం దిగాను. మా ఎదురింటి బట్టల కొట్టు సాంబశివరావు గారు హెల్మెట్టూ గ్లౌజులూ తగిలించుకుని, తన గేర్ల సైకిలు మీద దూసుకొచ్చి నేరుగా మా అరుగును గుద్దారు. నేను పక్కకి గెంతబట్టి సరిపోయింది.

ఆయన్ని లేపి, సైకిలు చూస్తే రిమ్ము నిండా నూనె.

"ఏందండీ ఇది?" అన్నాను.

"బ్రేకు పట్టుకుంటే చానా కీచుమంటంది మాస్టారూ. రబ్బర్లకి కొబ్బరినూనె పెట్టా. దెబ్బకి చప్పుడు ఆగిపోయింది!"

చప్పుడు ఆగింది, సైకిలే ఆగలేదు. నూనె పెట్టాల్సిన చైనేమో తుప్పు పట్టి ఏడుస్తోంది. రిమ్మును సబ్బునీళ్ళతో కడిగి, రబ్బర్లను ఉప్పుకాగితంతో రుద్దితే సరిపోతుంది, పది నిమిషాల పని అని చెప్పాను. ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డారు.

"మీకు తెలీదులే మాస్టారూ. ఇది దిష్టి. ఖరీదైన బండి గదా, వీధి వీధంతా దీన్నే చూస్తన్నారు."

సాయంత్రానికి హ్యాండిలుకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. రిమ్ము మీద నూనె అలాగే మెరుస్తోంది. అంత డబ్బు పోసి సైకిలు కొన్న ఇంట్లో ఒక పాత గుడ్డ దొరకలేదు కాబోలు.

నిమ్మకాయ సైకిలును ఆపడం మీలో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి. కాస్త త్వరగా చెప్పండి. రేపు పొద్దున దాని మీద ట్యూషన్‌కి వెళ్ళేది ఆయన కాదు, ఆయన కూతురు.