డొల్ల పలక

అతన్ని అందరూ టకటకమామ అనేవారు. గని బడిలో సొరంగం కప్పు తట్టి చూడడం నేర్పే పంతులు. చుట్టాలింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు ఓసారి గోడ తట్టి చూస్తాడని వాళ్ళక్క ఎత్తిపొడుస్తూ ఉంటుంది. గనిలో నెత్తిమీది రాతిని కడ్డీతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది. బొదబొదమంటే డొల్ల, అడుగు వెనక్కి వెయ్యాలి. పుస్తకాలెన్ని నమిలి మింగినా అక్కడ దిక్కు చెవే.

ఆ ఏడు కొత్త చట్టమొకటి వచ్చింది. గనుల్లోకి దిగేవాళ్ళు కరువయ్యారట. అందుకని మన పిల్లలు పరదేశపు గని కళాశాలలో ఏడాది చదవాలి, వాళ్ళ పిల్లలు ఇక్కడికి రావాలి, ఖర్చు ప్రభుత్వానిది. చట్టమూ వానలాంటిదే. పైన ఎంత కురిసినా మన చెంబులో పడిందే మనది. ఆ బడి చెంబులో ఒక్క సీటు పడింది.

పోటీలో చివరికి ఇద్దరు మిగిలారు: పొడుగాయన అని పిలిచే పెళ్ళయిన విద్యార్థి, టకటకమామ అక్క కూతురు. తేల్చాల్సింది కప్పు పరీక్ష. "మామ చేతిలో సీటుంటే పరీక్షెందుకు, పెట్టె సర్దుకోమనండి" అని క్యాంటీన్లో ఎవరో నవ్వడం టకటకమామ చెవిన పడింది. ముల్లులా దిగింది.

నమూనా సొరంగం కప్పులో ఎవరికీ చెప్పకుండా ఒక రాతిపలకను వదులు చేసి, పడిపోకుండా పైనుంచి గొలుసుతో బిగించడం అతని పద్ధతి. ఒక్కో ఏడు పెడతాడు, ఒక్కో ఏడు పెట్టడు. పెట్టిన ఏడు ఆగినవాళ్ళు నెగ్గినట్టు, పెట్టని ఏడు ఆగితే ఓడినట్టు. ఈసారి పెట్టాడు.

పొడుగాయన నామకార్థం ఓసారి తట్టి, చకచకా లోపలికెళ్ళి పని ముగించుకొచ్చాడు. మేనకోడలు తట్టింది. చెవి ఒగ్గింది. మళ్ళీ తట్టి, ఇది డొల్ల, వెళ్ళనని ఆగిపోయింది. ప్రిన్సిపాలు టకటకమామ వైపు చూశాడు.

"ఈ ఏడు పలక పెట్టలేదండీ. పిల్ల భయపడింది."

సీటు పొడుగాయనకి వెళ్ళింది. సొంతవాళ్ళని కూడా చూడని మనిషని అందరూ మెచ్చుకుని భుజం తట్టారు. తట్టిన ప్రతిసారీ లోపల బొదబొదమంది.

ఇంట్లో అక్క దులిపేసింది. తిట్లు తినడమే హాయిగా ఉంది. సీటుదేముంది, మళ్ళీ ఏడాది వస్తుందని తనకు తానే నచ్చజెప్పుకుంటుండగా మేనకోడలు వచ్చింది.

"మామయ్యా, నాకు డొల్లగానే వినపడింది. నా చెవి అంత తప్పా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"సర్లే. రేపు నిజం గనిలోకి దింపుతున్నారుగా. అనుమానమొస్తే ఇంక ఆగను. భయమే అనుకుని వెళ్ళిపోతా."

అతను గబుక్కున లేచాడు.

"చెప్పులేసుకో. ప్రిన్సిపాలు గారింటికి వెళ్దాం. నీ చెవి తప్పు కాదే, నా నోరు తప్పు. పలక నేనే పెట్టాను."

"ఎందుకు మామయ్యా?"

"నలుగురూ ఏమనుకుంటారోనని."

"నేను రాయి కింద పడి చస్తే ఏమనుకునేవాళ్ళో!"

దారంతా ఆమె ముందు, అతను వెనక. ప్రిన్సిపాలు గారి గుమ్మం దగ్గర అతను అలవాటుగా గోడ తట్టబోయి, చెయ్యి దించేసుకుని, గంట నొక్కాడు.