ఎత్తిపోతలకని బయల్దేరి, ఏడుకొండలు ఇంటి ముందు ఆగాం

గుంటూరు నుంచి ఎత్తిపోతల జలపాతానికి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా అని మీలో కొందరు అడిగారు. హాయిగా వెళ్ళి రావచ్చు. మేమిద్దరం రెండుసార్లు బయల్దేరాం, రెండుసార్లూ చూడకుండానే వచ్చాం. ఎందుకు చూడలేదో చెప్పాలంటే మా ఆవిడ సంగతి చెప్పాలి. వసుంధర మానసిక వైద్యురాలు. లేని గొంతులు వినిపించడం, ఎవరో తమమీద పగబట్టారని గట్టిగా నమ్మడం, ఇలాంటి జబ్బును వాళ్ళు సైకోసిస్ అంటారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళు ప్రాణం తీసుకోవాలనే ఆలోచనకు ఎందుకు అంత దగ్గరగా వెళ్తారు, వెళ్ళినవాళ్ళను వెనక్కి తేవడం ఎలా అన్నదే ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆవిడ పరిశోధన. నేనేమో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ప్రశ్న ఉందంటే జవాబు ఉండాలనే రకాన్ని. ఆవిడ పనిలో జవాబు ఎక్కడుంటుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అడిగితే, "అర్థమైతే నేనెందుకు ఇంకా చదువుతానండీ?" అంటుంది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు తనంతట తనే, "ఎత్తిపోతల పోదామా?" అంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి విహారయాత్ర అనే మాట రాలేదు మరి. తెలిసిన డ్రైవర్ మస్తాన్‌ని పిలిపించి, తెల్లవారి ఆరింటికల్లా బయల్దేరాం. నరసరావుపేటలో ఇడ్లీలు తిన్నాం. కారప్పొడి మీద నెయ్యి ధారాళంగా పోశారు. అక్కడి నుంచి పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల. మాచర్ల నుంచి ఎత్తిపోతల అరగంట దారి. కారు లేనివాళ్ళు బస్సులో మాచర్ల దాకా వెళ్ళి ఆటో మాట్లాడుకోవచ్చు. రైలైతే నడికుడి మీదుగా వెళ్తుంది, తీరిక ఉంటేనే ఎక్కండి. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల దుమ్ముకి కిటికీలు ఎత్తేసుకున్నాం. గురజాల వచ్చేసరికి పదైంది. అప్పుడు మా ఆవిడ, "మస్తాన్, ఇక్కడ ఎడమకు తిప్పు బాబూ," అంది.

"ఎత్తిపోతల తిన్నగా పోవాలి గదమ్మా?" అన్నాడు మస్తాన్. అద్దంలోంచి నావైపు చూశాడు. నాకేం తెలుసు, నేనూ అతన్నే చూశాను. అప్పుడు బయటపెట్టింది అసలు సంగతి. ఈ పక్క ఊళ్ళో ఏడుకొండలు అనే కుర్రాడు ఉన్నాడు. నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గర వైద్యం, ఆవిడ పరిశోధనలోనూ ఒకడు. రెండు నెలలుగా ఆస్పత్రికి రాలేదు, ఫోను మోగదు. ఇలా కనిపించకుండా పోయినవాళ్ళను లెక్కల్లో 'ఆచూకీ లేదు' అనే గడిలో వేసేస్తారట. "ఆ గడిలో ఉన్నవాళ్ళు బతికున్నారో లేదో ఎవరికీ తెలియదండీ. వాణ్ణి అందులో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. బతికుంటే చాలు, చూసి పోదాం," అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలోని కళ్ళజోడు పెట్టెను తెరిచి మూస్తూ ఉంది. "మరి ఆ మాట ఇంటిదగ్గరే చెప్పొచ్చుగా, నేనేమన్నా వద్దంటానా?" అని విసుక్కున్నాను. "లేడని తెలిస్తే ఏం చెయ్యాలో తెలియక చెప్పలేదు," అంది. నేనే మస్తాన్‌ని ఎడమకు తిప్పమన్నాను.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత మీరూ నాలాగే తికమకపడతారు. ఈ పల్లెల్లో మిరప, పత్తి వేసే ప్రతి ఇంట్లోనూ పురుగుమందు డబ్బాలు ఉంటాయి. అవి మనిషి మనసు బాగాలేని క్షణంలో చేతికి అందకుండా ఉంటే, ఆ క్షణం గడిచిపోతుందని, మనిషి మిగులుతాడని వసుంధర వాళ్ళ వాదన. అందుకని ఇలాంటి జబ్బు మనిషి ఉన్న ఇళ్ళకు ఆ డబ్బాలు పెట్టి తాళం వేసుకునే ఇనప పెట్టెలు ఇచ్చారు. పెట్టెకి ఒకే తాళంచెవి. అది జబ్బు ఉన్న మనిషి దగ్గర ఉండకూడదు. మొత్తం పద్ధతికి అదొక్కటే నియమం.

ఏడుకొండలు ఇంటికి తాళం వేసి ఉంది. మా ఆవిడ ఆ తాళం వంక చూసి అలాగే నిలబడిపోయింది. పక్కింటి ముందు నులకమంచం మీద ఒక పెద్దావిడ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. పేరు సుబ్బాయమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవురమ్మా మీరు? యాడి నుంచి?"

"గుంటూరు నుంచి. నేను డాక్టర్ని. ఏడుకొండలు ఉన్నాడా?"

"ఉన్నాడు," అని ఇంకో గింజ తీసి పక్కన పడేసింది. "ఉన్నాడంటే ఉన్నాడులే."

వసుంధర మంచం కోడు పట్టుకుని ఆ పక్కనే కూలబడినట్టు కూర్చుంది. ప్రాణం లేచొచ్చిందన్నమాట. నాకు మాత్రం ఆ జవాబు ఎటూ తేలలేదు. పైగా సుబ్బాయమ్మ కొంగు ముడిలో ఒక తాళంచెవి వేలాడుతోంది. "తాళంచెవి మీ దగ్గరే ఉందిగా, తలుపు తీస్తే లోపల కూర్చుంటాం," అన్నాను. ఆవిడ కొంగు గబుక్కున వెనక్కి లాక్కుంది. "ఇది ఆ తలుపుది కాదయ్యా. తల్లీ కొడుకులు కల్లంకాడ ఉన్నారు. కాయలు ఆరబోశారు గదా, ఆడికే పోండి," అని దారి చెప్పింది. తలుపుది కానిది పక్కింటావిడ దగ్గర ఎందుకుందో, చూపిస్తే ఎందుకు దాచిందో నాకు బోధపడలేదు. మస్తాన్‌ని అడిగితే, "పెద్దోళ్ళతో మనకెందుకు సార్," అన్నాడు.

కల్లం ఊరికి కాస్త దూరం. ఈ రోజుల్లో మీరు ఆ వైపు వెళ్తే చేల మధ్య నేలంతా ఎర్రగా కనిపిస్తుంది. దిగగానే ఘాటుకు నేను వరసబెట్టి తుమ్మాను. ఏడుకొండలు తల్లి అంజమ్మ తాలుకాయలు ఏరుతోంది. ఎండకు తెల్లబారిన పనికిరాని కాయలు అవి. మమ్మల్ని చూసి గబగబా లేచి, "అయ్యో, ఇంత ఎండలో వచ్చారా తల్లీ," అని పట్టా కింద నీడలోకి పిలిచింది. అక్కడ ఒక మూల ఏడుకొండలు మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ముప్ఫై లోపు వయసు. తువ్వాలు చెవులమీదుగా బిగించి చుట్టుకున్నాడు. మా ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని అతనికి కొంచెం ఎడంగా నేలమీదే కూర్చుంది. బాగున్నావా, అన్నం తిన్నావా అని అడుగుతుందనుకున్నాను. "ఏడుకొండలూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది.

ఎవరైనా అలా అడుగుతారా? వెంటనే ఆవిడ భుజం తట్టబోయాను. కానీ ఆ కుర్రాడు మెల్లగా మావైపు తిరిగాడు. ఎవరో వీపు మీది మూట దించినట్టు ఊపిరి వదిలాడు. "పొమ్మంటన్నాయమ్మా. రేత్రీ పగలూ అదే మాట," అన్నాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, ఉన్న ఆలోచన బయటికి వచ్చే దారి దొరుకుతుందనీ ఆవిడ నాకు తర్వాత కారులో చెప్పింది. అప్పటికి మాత్రం నేను భయపడి చచ్చాను.

"మాత్రలు?"

"మానేశానమ్మా. ఏసుకుంటే మొద్దునిద్ర. కాయలు ఎవురు కాస్తారు? మొన్న పక్క కల్లంలో బస్తాలు లేపుకుపోయారు."

మిరపకాయల కాపలా కోసం మందులు మానేశాడు. మానేశాక నిద్ర దూరమైంది, నిద్ర దూరమయ్యాక గొంతులు తిరిగొచ్చాయి. మా ఆవిడ రాసిన కాగితాల్లో మందులు ఎందుకు మానేస్తారో చాలా కారణాలు చదివాను గానీ, మిరపకాయల దొంగలు ఎక్కడా తగల్లేదు. ఆవిడ తల ఊపి, "పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అంది.

"వాడికాడేనమ్మా," అంది అంజమ్మ మురిపెంగా. "నేనైతే యాడన్నా పారేసుకుంటానని వాడి మొలతాడుకే కట్టా. మావోడు చానా జాగర్త మనిషి. ఇంతవరకూ ఒక్క వస్తువు పోగొట్టలా."

ఉన్న ఒక్క నియమమూ అలా తలకిందులైంది. "ఎన్నాళ్ళ నుంచి?" అని వసుంధర అడిగితే, పెట్టె ఇచ్చిన రోజు నుంచేనట. ఏడుకొండలు తల్లి వైపు, డాక్టరమ్మ వైపు చూసి చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు. ఖాళీగా ఉంది. "ఇప్పుడు నాకాడ లేదమ్మా. పొద్దున్నే సుబ్బాయమ్మత్తకి ఇచ్చేశా. మాటలు ఎక్కువైనప్పుడల్లా ఇచ్చేస్తా. ఎందుకని అడగదు, అన్నం పెట్టిద్ది, ఆడే కాసేపు పడుకోమంటది. తగ్గినాక తెచ్చుకుంటా."

కొంగు ముడి సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఉన్నాడంటే ఉన్నాడు అన్న మాట కూడా. మా ఆవిడ అతనికి నచ్చజెప్పింది. చాలా మంచి పని చేస్తున్నావు నాయనా, కానీ ఏదో ఒకరోజు ఇవ్వాలనిపించకపోతే ఎలా, అందుకని ఆ తాళంచెవి ఎప్పుడూ అత్త దగ్గరే ఉండనీ అంది. నాకు సబబుగానే అనిపించింది. ఏడుకొండలు నేల చూపులు చూస్తూ అన్నాడు:

"అది ఎప్పుడూ అత్తకాడే ఉంటే, నాకు బాగాలేదని ఎట్టా చెప్పాలమ్మా?"

"నోటితో చెప్పు."

"నోటితో రాదమ్మా. ఇయ్యడమైతే వస్తది."

వసుంధర నావైపు తిరిగింది. దేశదేశాల సభల్లో మాట్లాడి వచ్చిన మనిషి, ఏం చెయ్యమంటారండీ అన్నట్టు నన్ను చూసింది. నన్ను! తాళంచెవి తీసుకుంటే అతని మాట పోతుంది, వదిలేస్తే అతనే పోవచ్చు. లెక్కల మాష్టారికి ఇలాంటి లెక్క ఎవరు ఇచ్చారు? ఏం తోచక జేబులో చెయ్యి పెట్టాను, నా తాళాల గుత్తి తగిలింది. అందులో మా కాలేజీ స్టాఫ్ రూమ్ బీరువాది ఒకటుంది. ఆ బీరువాను ఎప్పుడో తుక్కుకి వేసేశారు. అలవాటు కొద్దీ తీసెయ్యలేదు, మా ఆవిడ చేత నాలుగు తిట్లు కూడా తిన్నాను దానికి. గుత్తిలోంచి దాన్ని తీసి అతని చేతిలో పెట్టాను. "అసలుది అత్త దగ్గరే ఉండనీ. మాటలు ఎక్కువైతే ఇది ఇవ్వు అత్తకి," అన్నాను.

"ఇది దేనిది సార్?"

"దేనిదీ కాదు. నీదే."

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వాడని చెప్పను. మొలతాడుకి మాత్రం కట్టుకున్నాడు. ఇది పనిచేస్తుందా అని చెవిలో అడిగితే, "నాకేం తెలుసండీ," అంది మా ఆవిడ. ఆ తర్వాత అసలు డాక్టరు పని మొదలుపెట్టింది. ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాలి అంది. కాయలో, అన్నాడు ఏడుకొండలు. ఊళ్ళోకి వచ్చి విషయమంతా చెప్పగానే సుబ్బాయమ్మ చింతపండు పళ్ళెం పక్కకు నెట్టింది. "పోరా అల్లుడా, పో. మీ మామ ఇంటికాడ పెట్టే గురకేదో కల్లంకాడ పెడతాడు. ఆ గురకకి దొంగలేంది, కుక్కలు గూడా రావు," అంది. అందరం నవ్వాం, వాడు కూడా. తల్లీ కొడుకుల్ని కారెక్కించుకుని నరసరావుపేట తిరిగొచ్చాం. ఆస్పత్రిలో చేర్చి, గుంటూరు చేరేసరికి చీకటి పడింది. నిద్ర ముంచని మందేదో మార్చి ఇచ్చారు, పదిరోజులకు ఇంటికి పంపారు.

నెల తిరిగాక ఒక ఉదయం సుబ్బాయమ్మ ఫోను చేసింది. "అమ్మా, సారు ఇచ్చిన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అన్నం పెట్టా. మా మంచం మీదే కూకోబెట్టా. ఏం చెయ్యమంటావ్?" వసుంధర కళ్ళు తుడుచుకుంటూ చెప్పులు వెతుక్కుంది. మళ్ళీ బాగాలేదని ఏడుస్తోందా, చెప్పాడని సంతోషపడుతోందా నాకు అర్థం కాలేదు. అడిగితే, "రెండూనండీ, ముందు పదండి," అంది. మస్తాన్ వచ్చి, "ఈసారన్నా ఎత్తిపోతలేనా సార్?" అన్నాడు. మేం వెళ్ళేసరికి ఏడుకొండలు సుబ్బాయమ్మ పక్కన కూర్చుని చింతగింజలు తీస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఇచ్చేశాను సార్," అన్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

తాళంచెవుల గురించి పరిశోధన పత్రం రాస్తావా అని మా ఆవిడను అడిగాను. ఒక్క మనిషిని చూసి ఏం రాస్తాం, ఇంకో ఊళ్ళో సుబ్బాయమ్మ ఉండకపోతే అప్పుడేంటి అంది. అదీ నిజమే. ఇన్నేళ్ళ చదువు, ఆ మందులు, ఆ పెట్టె లేకుండా వాడు మిగిలేవాడు కాదు. అవి మాత్రమే ఉన్నా మిగిలేవాడా అంటే చెప్పలేను. నా తికమక అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు ఇంట్లో ఇద్దరం ఉన్నాం దానికి. ఎత్తిపోతల వెళ్ళేవాళ్ళు వానలు పడ్డాక వెళ్ళండి, నీళ్ళు బాగా ఉంటాయని మస్తాన్ చెప్పాడు. నేను చెప్పగలిగింది ఒక్కటే. చాన్నాళ్ళుగా కబురు లేని మనిషి కోసం ఎప్పుడైనా ఒక ఊరు వెళ్తే, ఇంటికి తాళం చూసి వెనక్కి తిరిగి రాకండి. పక్కింటి వాళ్ళను అడగండి.