తలుపు మోసిన మనిషి

నది మాయమైపోయే సీరియల్ దొరికిందని క్యాంపస్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తూ అక్కడి ఫిల్మ్ క్లబ్ కూడా తనే నడుపుతోంది. "మేడమ్, మీరు క్లాసులో ఎప్పుడూ చెప్పేవారు కదా, అదే. ఎవరో పాత క్యాసెట్ల నుంచి ఎక్కించి ఇంటర్నెట్‌లో పెట్టారు" అంది. ఫోన్ పెట్టేసి వెంటనే లాలాపేట్‌లో ఉన్న నా పాత రూమ్మేట్‌కి చేశాను.

"ఇప్పుడెందుకే అది? అప్పుడే అర్థం కాలె" అంది తను.

అంటూనే ఆ ఆదివారం పొద్దున ఆటోలో తార్నాకలోని మా ఫ్లాట్‌కి వచ్చేసింది. ఒక డబ్బాలో చింతచిగురు పప్పు కూడా తెచ్చింది.

ఎమ్మే చదివే రోజుల్లో మేమిద్దరం క్యాంపస్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. నాది తెలుగు, తనది చరిత్ర. మాది గుంటూరు వైపు, నాన్న ఉద్యోగంతో ఊళ్లు తిరిగిన కుటుంబం. వాళ్లది జనగామ దగ్గర వ్యవసాయం. ఇప్పుడు తను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతోంది. రిటైర్మెంటు దగ్గర పడింది. వాళ్లమ్మ తన దగ్గరే ఉంటుంది.

మేం చదువుకునేటప్పుడు ఉన్నది ఒకటే చానెల్. ఆదివారం సాయంత్రాలు హాస్టల్ కామన్ రూమ్‌లో చాపలు పరుచుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఆ సీరియల్ కథ చెప్పడం తేలికే, చూస్తుంటే మాత్రం ఏమీ తేలేది కాదు. ఒక చిన్న ఊరు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఊరి పక్కన నది ఉండదు. ఎండిపోవడం కాదు, లేదు, అంతే. ఊళ్లోవాళ్లు దాన్ని పట్టించుకోరు. పడవవాడు ఇసుకలో తెడ్డు వేస్తూనే ఉంటాడు. బట్టలుతికే ఆమె పొడి బండ మీద ఉతుకుతుంది, పిండితే నీళ్లు కారతాయి. విచారణకి ఒక ఆఫీసరు వస్తాడు. వారం వారం అతను తను వచ్చిన పని కొంచెం కొంచెంగా మరిచిపోతుంటాడు. అతను దిగిన లాడ్జిలో రెయిన్‌కోటు వేసుకున్న మనిషి ఒకడు ఎప్పుడు చూసినా పెసరట్టు తింటూ ఉంటాడు. అతనెవరో చివరిదాకా చెప్పరు.

సగం మంది అమ్మాయిలు రెండో వారానికే విసుగు పుట్టి మానేశారు. మిగిలినవాళ్లం మతం పుచ్చుకున్నట్టు చూశాం. మెస్‌లో పెసరట్లు వేసిన రోజున ఆకాశంలో మబ్బు లేకపోయినా ఎవరో ఒకరు రెయిన్‌కోటు తొడుక్కుని టిఫినుకి వచ్చేవారు. నా రూమ్మేట్ మాత్రం "పిచ్చి సీరియల్" అని తిడుతూ చూసేది. తిడుతూనే ఒక్క వారం కూడా మానలేదు.

ఇన్నేళ్ల తర్వాత మా హాల్లో సోఫా మీద కూర్చుని చూస్తే బొమ్మ అలికేసినట్టుంది, మాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. అప్పట్లో గొప్పగా తోచిన మాటలు కొన్ని ఇప్పుడు స్టేజీ నాటకం డైలాగుల్లా వినిపించాయి. మధ్యలో తను కునుకు తీసింది. నేను ఫోన్ చూసుకున్నాను. కానీ ఆఫీసరు మరుపు దగ్గరికొచ్చేసరికి నాకు ఇంకోలా అనిపించింది. చదువుకునే రోజుల్లో దానికి పడిపడి నవ్వేవాళ్లం. ఈసారి నవ్వు రాలేదు. మా మామగారు చివరి రోజుల్లో అచ్చం అలాగే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎందుకొచ్చానమ్మా ఇటు?" అని అడిగేవారు.

మేమిద్దరం ఎదురుచూసింది బీరువా సీను కోసం. ఆఫీసరు లాడ్జి గదిలో ఇనప బీరువా తెరుస్తాడు, నది మొత్తం అందులోంచి గది నిండా దూకుతుంది. ఆ సీను గురించి నేను క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో. తీరా చూస్తే నీళ్లే లేవు. ఆఫీసరు బీరువా తెరుస్తాడు, కెమెరా అతని మొహం మీదే ఉంటుంది, నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అంతే.

"ఏందే ఇది, నీళ్లేవి?" అంది తను లేచి కూర్చుని.

"కోసేశారేమో."

"కొయ్యలె, సీను అతికినట్లే ఉన్నది. కానీ నేను జూసిన. మంచం కాళ్లు మునిగినయ్."

నేనూ చూశాను. నా జ్ఞాపకంలో మంచం కాళ్లు కాదు, ఆఫీసరు చెప్పులు తేలుతూ పోయాయి. ఇద్దరం వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. నీళ్లు లేవు. మాకు నవ్వాగలేదు.

ఆ దర్శకుడు పోయి చాలా ఏళ్లయింది. సీరియల్ కాక ఆయన మూడు సినిమాలు తీశారు. ఏవీ నడవలేదు, మూడోదైతే విడుదలే కాలేదు. సీరియల్ దొరికిన ఊపులో ఫిల్మ్ క్లబ్ అమ్మాయి ఆ సినిమాల వెంట పడింది. మొదటి రెండూ శనివారం సాయంత్రాలు క్యాంపస్‌లో వేస్తే నేనొక్కదాన్నే వెళ్లి చూశాను. మొదటిదాంట్లో ఒక గుమాస్తా ఇంట్లో రోజుకో గది పుడుతుంటుంది. చివరికి అతను భార్యని వెతుక్కుంటూ తన ఇంట్లోనే టిఫిన్ కట్టుకుని బయల్దేరతాడు. రెండోది ఒక పెళ్లి. విడిదిలో అందరూ ఉంటారు, పెళ్లికూతురెవరో మాత్రం ఎవరికీ తెలియదు. అడగడానికి అందరికీ మొహమాటం. రెండోది బాగా సాగదీసినట్టనిపించింది. మొదటిది ఇంటికొచ్చాక కూడా వదల్లేదు.

ఒకరోజు ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "మేడమ్, మూడోది కూడా దొరికింది. ఎడిటర్ గారు దాచిపెట్టారట. వచ్చే శనివారం వేస్తున్నాం."

ఈ మాట వెంటనే రూమ్మేట్‌కి ఫోన్‌లో చెప్పాను.

"అండ్ల నేనున్న గద" అంది తను.

"ఉన్నావు. మీ నాన్నగారు కూడా ఉన్నారు."

"నాయినదెక్కడుంచుతరే, కోసేసుంటరు. నన్ను ఉంచుతరు. చీర గిట్ల కట్టిచ్చిండ్రు గద."

ఆ సినిమాలో కొంత మా క్యాంపస్‌లోనే తీశారు. హాస్టల్ వెనక అప్పుడంతా బండలూ తుప్పలూ. సీరియల్ తీసినాయన వచ్చాడని తెలిసి నేను తరగతి ఎగ్గొట్టి పరిగెత్తాను. తనని లాక్కుపోయాను. అదే రోజు వాళ్ల నాన్న ఊరి నుంచి సీతాఫలాల గంప తీసుకుని వచ్చాడు. హాస్టల్ లోపలికి మగవాళ్లని రానివ్వరు కాబట్టి, బస్సు టైమయ్యేదాకా మాతోపాటే వచ్చి ఒక బండ మీద కూర్చున్నాడు. షూటింగులో ఒక నటుడు పెద్ద టేకు తలుపుని భుజాన పెట్టుకుని నడవాలి. ఎంత నడిచినా దర్శకుడికి నచ్చడం లేదు. ఆయన అటూ ఇటూ చూసి తిన్నగా మా దగ్గరికొచ్చారు.

"పెద్దాయనా, ఆ తలుపు కాస్త మోస్తారా?"

వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు. "ఎంత దూరం, సారూ?"

"ఆ కనపడే బండ దాకా. అక్కడ దింపి తట్టండి."

"గోడ లేదు గద సారూ. ఎవర్ని పిలవాలె?"

"అది నాకూ తెలీదండీ" అన్నారు దర్శకుడు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలియనట్టే అన్నారు. "మీకేది తోస్తే అది చెయ్యండి."

ముందు వాళ్ల నాన్న ఒక్కడితోనే ఒకసారి తీసి, తర్వాత తలుపుకి అవతల నా రూమ్మేట్‌ని నిలబెట్టారు. ఎవరో తెల్లచీర తెచ్చి కట్టించారు. తట్టగానే తను తలుపు తెరవాలి. మొదటిసారి తెరిచి నాన్న మొహం చూసి ఫక్కున నవ్వేసింది. రెండోసారీ అంతే. ఎన్నోసారికో నవ్వకుండా తెరిచింది. ఆ వెంటనే వాళ్ల నాన్న బస్సు పోతుందని ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నేళ్లకి ఆయన గుండెపోటుతో పోయాడు. ఇంట్లో ఆయన ఫొటోలు రెండో మూడో ఉన్నాయి. ఒకదాంట్లో సగం మొహం పక్కవాడి తలపాగా వెనక ఉంటుంది. మాట్లాడిన రికార్డు ఏదీ లేదు. ఆ రోజుల్లో రైతు గొంతు ఎవరు దాచుకుంటారు?

శనివారం సాయంత్రం తను గద్వాల చీర కట్టుకుని వచ్చింది. మెట్రో స్టేషన్ కింద కలుసుకుని ఇద్దరం ఆటో ఎక్కాం.

"హీరోయిన్ గారు బాగా తయారయ్యారే" అన్నాను.

"ముప్పై అయిదేండ్ల కింద ఎట్లున్ననో జూసుకునేటప్పుడు, ఇప్పుడు కూడా జర మంచిగుండాలె గద."

సెమినార్ హాల్లో పాతిక ముప్ఫై మంది పిల్లలున్నారు. లైట్లు తీసేశారు. సినిమా నెమ్మదిగా సాగింది. అందులో మనుషులు ఒక్కొక్కరూ ఏదో ఒకటి మోసుకుంటూ పోతుంటారు. ఒకామె అద్దం, ఒకతను గడియారం లేని గడియారపు పెట్టె. ఎక్కడికో తెలియదు. ఒకరికొకరు ఎదురుపడితే దారి ఇచ్చుకుంటారు, అంతే. నాకు ఎప్పటిలాగే ఒళ్లు తెలియలేదు. తను కుర్చీ అంచున కూర్చుని ఉంది.

అప్పుడు బండల వెనక నుంచి వాళ్ల నాన్న వచ్చాడు. భుజాన తలుపు. నడుం వంగలేదు. రోజూ అదే పని అన్నట్టు, నాగలి మోసుకెళ్తున్నట్టు నడుస్తున్నాడు. బండ దగ్గర తలుపు దింపాడు. వెనక నుంచి దానిని నిలబెట్టి పట్టుకున్న షూటింగు మనిషి చేతులు అంచున కొంచెం కనిపిస్తున్నాయి. వాళ్ల నాన్న చెప్పులు విడిచి పక్కకి పెట్టాడు. ఆ పని ఎవరూ చెప్పలేదు, నాకు గుర్తుంది. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని తలుపు తట్టాడు.

"ఎవరున్నరు లోపట?"

హాల్లో ఎవరో కుర్రాళ్లు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఆయన ఎదురుచూస్తున్నాడు. మళ్లీ తట్టాడు. ఒక చెవి తలుపుకి ఆనించాడు. "నేనే" అన్నాడు. ఇంకాసేపు చూసి, తలుపు పక్కనే నేల మీద కూర్చుని, తువ్వాలతో విసురుకోవడం మొదలుపెట్టాడు. షాటు అక్కడ తెగిపోయింది. తర్వాత అద్దం మోసే ఆమె మళ్లీ వచ్చింది.

తలుపు తెరుచుకోలేదు. తెల్లచీర అమ్మాయి సినిమాలో ఎక్కడా లేదు.

నేను భయపడుతూ పక్కకి చూశాను. తన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, కానీ మొహం నవ్వుతోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని సినిమా అయ్యేదాకా వదల్లేదు.

లైట్లు వేశాక పిల్లలు అర్థాల గురించి వాదించుకుంటున్నారు. తలుపు మరణం అని ఒకడు, కాదు ప్రభుత్వం అని ఇంకొకడు. నేను క్లబ్ అమ్మాయిని పక్కకి పిలిచి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆ ముక్క మళ్లీ వేసింది. తర్వాత మళ్లీ.

"నాకన్న చిన్నగున్నడే నాయిన" అంది రూమ్మేట్. "ఎన్నడు గిట్ల అనుకోలె నేను."

"నిన్ను తీసేశారే, పాపం."

"మంచిగైంది తీ. నేనుంటే నవ్వేదాన్ని, ఖరాబ్ అయ్యేది."

క్లబ్ అమ్మాయి ఆ ముక్కని రూమ్మేట్ ఫోన్‌కి పంపింది. మర్నాడు పొద్దున్నే నేను లాలాపేట్ వెళ్లాను, రమ్మని తనే పిలిచింది. వాళ్లమ్మకి ఒక్కతే చూపించాలంటే ధైర్యం చాలలేదట. వాళ్లమ్మ బాల్కనీలో పీట మీద కూర్చుని తోటకూర గిల్లుతోంది. నన్ను చూసి "మంచిగున్నవా బిడ్డా" అని పక్కన చోటు చూపించింది. తను ఫోన్ వాళ్లమ్మ చేతికి ఇచ్చి, "అమ్మా, ఇగో నాయిన" అంది.

పెద్దామె ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూసింది. గొంతు వినిపించగానే తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. మళ్లీ ఫోన్ వైపు చూసింది. అయిపోయాక ఫోన్ నల్ల అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"సీతాఫలాలు ఇచ్చి రమ్మంటే, ఈడ తలుపులు మోసుకుంట తిరిగిండా?" అంది.

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు, కోపమూ లేదు.

"నాకు చెప్పనే లేదు. బస్సు ఆలస్యమైందన్నడు."

"సిగ్గయ్యుంటది అమ్మా."

"సిగ్గెందుకు? మంచిగనే మోసిండు." వేలితో అద్దం మీద ఇటూ అటూ రాసింది. బొమ్మ కదల్లేదు. "మళ్ల పెట్టు. గొంతు జర పెద్దగ పెట్టు. కూర తర్వాత చూస్త."

తను వంగి మళ్లీ పెట్టింది. తోటకూర గిన్నె నేను నా ఒళ్లోకి తీసుకున్నాను. కాడలు విరుస్తూ కూర్చున్నాను. ఆ పొద్దున ఆ ముక్క మేం ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. కింద వీధిలో బండివాడు ఉల్లిగడ్డలంటూ అరుస్తూ పోతే, గొంతు వినపడదని పెద్దామె లేచి బాల్కనీ తలుపు వేసి వచ్చింది.